టోర్ రిలే కోసం తక్కువ ఖర్చు సర్వర్: అందరూ ఉన్న చోటే తీసుకోవాలా?

చిన్నిదీపం

అందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి టోర్ వాడుకున్నానే తప్ప తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. ఈ నెల నుంచి ఒక రిలే నడపాలని నిర్ణయించుకున్నాను. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. టోర్ అంటే మనం ఎవరో బయటపడకుండా నెట్ వాడుకునే నెట్‌వర్క్. టోర్‌లో మన ట్రాఫిక్ మామూలుగా మూడు సర్వర్ల మీదుగా పోతుంది. మొదటిదానికి మనం ఎవరో తెలుస్తుంది కానీ ఎక్కడికి పోతున్నామో తెలియదు, చివరిదానికి ఎక్కడికో తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు. ఆ సర్వర్లనే రిలేలు అంటారు: మొదటిది గార్డ్, మధ్యది మిడిల్, చివరిది ఎగ్జిట్. వాటిని ఎక్కువగా నడిపేది సొంత డబ్బు పెట్టుకునే వలంటీర్లే.

నా దగ్గర ఉన్నది నెలకి ఒక చిన్న వీపీఎస్‌కి (అద్దెకి ఇచ్చే వర్చువల్ సర్వర్) సరిపడా డబ్బు, అంతే. వెతికితే రెండు దారులు కనిపించాయి. హెట్జ్నర్, ఓవీహెచ్ లాంటి పెద్ద కంపెనీల్లో చవక, ట్రాఫిక్ కోటా కూడా ఎక్కువ. కానీ అక్కడ ఇప్పటికే రిలేలు కిక్కిరిసిపోయాయి, వేరే చోటు చూసుకోండి అని టోర్ ప్రాజెక్ట్ వాళ్ళే చెప్తున్నారు. రెండోది, పెద్దగా పేరు వినని చిన్న కంపెనీలు. అదే డబ్బుకి సగం ర్యామ్, పైన "అన్‌మీటర్డ్" (ట్రాఫిక్ లెక్కపెట్టం) అని పెద్ద అక్షరాలు, కింద ఫెయిర్ యూజ్ (మరీ ఎక్కువ వాడొద్దు) అని చిన్న అక్షరాలు. ఎగ్జిట్ నడిపే ధైర్యం నాకు లేదు, మిడిల్ రిలే చాలు. ఎక్కడ తీసుకోమంటారు?

పాతకాపు

ముందుగా, రిలే పెట్టాలనుకున్నందుకు సంతోషం తమ్ముడూ. ఆరేళ్ళుగా నాలుగు రిలేలు నడుపుతున్నాను, నా సమాధానం ఒక్కటే: పెద్ద కంపెనీలకి వెళ్ళొద్దు. చవక అని అందరూ ఒకే గూటికి చేరితే టోర్ అనేదానికి అర్థమే పోతుంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మాట అనగానే "ఒకే ఐపీ గుంపులోని రెండు రిలేలను టోర్ ఒకే దారిలో వాడదు కదా" అని ఎవరో ఒకరు వస్తారు. నిజమే, ఐపీ అడ్రస్‌లో మొదటి రెండు సంఖ్యలు ఒకటే అయితే ఆ రెండు రిలేలను ఒకే సర్క్యూట్‌లో, అంటే ఒకే దారిలో, పెట్టదు. ఒకే మనిషివి అని మైఫ్యామిలీ సెట్టింగ్‌లో రాసుకున్న రిలేలను కూడా కలపదు. కానీ పెద్ద కంపెనీకి అలాంటి ఐపీ గుంపులు బోలెడు ఉంటాయి. దారి ఎంచుకునేటప్పుడు ఈ రెండూ ఒకే కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్నాయా అని టోర్ చూడదు. కాబట్టి నీ గార్డ్ వాళ్ళ దగ్గరే, నీ ఎగ్జిట్ వాళ్ళ దగ్గరే ఉండే రోజు వస్తుంది. అప్పుడు లోపలికి వచ్చే ట్రాఫిక్, బయటికి పోయే ట్రాఫిక్ రెండూ ఒకే కంపెనీ తీగల మీద నడుస్తాయి. టైమింగ్ పోల్చి చూస్తే ఎవరు ఎక్కడికి వెళ్ళారో పట్టుకోవచ్చు. వాళ్ళు చూస్తున్నారని నేను అనడం లేదు. వాళ్ళని చూడమని బలవంతపెట్టగలిగిన వాళ్ళు ఉన్నారు, అది చాలు.

చిన్న కంపెనీ, వీలైతే ఇప్పటిదాకా రిలేలు లేని నెట్‌వర్క్. అక్కడ పెట్టిన చిన్న రిలే కూడా కిక్కిరిసిన చోట పెట్టిన పెద్ద రిలే కంటే మేలు.

లెక్కలమనిషి

> అక్కడ పెట్టిన చిన్న రిలే కూడా కిక్కిరిసిన చోట పెట్టిన పెద్ద రిలే కంటే మేలు

దీనికి లెక్క ఏది? చిన్నిదీపం గారూ, ఎక్కడ తీసుకోవాలో తర్వాత చూద్దాం, ముందు ఎంత ట్రాఫిక్ వస్తుందో చూసుకోండి. రిలే నడపాలంటే రెండు వైపులా కనీసం 10 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) ఉండాలని టోర్ ప్రాజెక్ట్ చెప్తుంది, 16 ఉంటే మంచిదని కూడా. 10 ఎంబీపీఎస్ రోజంతా నడిస్తే రోజుకి 108 జీబీ, నెలకి సుమారు 3.24 టీబీ, అదీ ఒక వైపు. రిలే అంటే వచ్చిన ప్రతి బైటూ బయటికి పోవాలి, కాబట్టి రెండూ లెక్కపెట్టే కంపెనీలో అది ఆరున్నర టీబీ. మీరు చూస్తున్న చిన్న కంపెనీల్లో 1 టీబీ కోటా అంటారు. అది ఒక వైపే లెక్కేసినా నిలకడగా 3 ఎంబీపీఎస్ వస్తుంది. అంత చిన్న రిలే వల్ల ఎవరికి మేలు? ఇక గిగాబైట్‌కి ఇంత అని బిల్లు వేసే పెద్ద క్లౌడ్‌ల జోలికి అస్సలు వెళ్ళొద్దు, సర్వర్ అద్దె కంటే ట్రాఫిక్ బిల్లు ఎన్నో రెట్లు అవుతుంది.

అందుకే నా సలహా: చవకగా ఎక్కువ ట్రాఫిక్ ఇచ్చే చోటే తీసుకోండి, లేదా ఆ డబ్బు రిలేలు నడిపే సంస్థకి ఇచ్చేయండి. సియాటిల్‌లో ఎమరాల్డ్ ఆనియన్ ఉంది, ఆస్ట్రియాలో ఫౌండేషన్ ఫర్ అప్లైడ్ ప్రైవసీ ఉంది. పదిమంది చిన్న మొత్తాలు కలిస్తే ఒక మంచి సర్వర్ అవుతుంది. విడివిడిగా అయితే పది నత్తలు.

గాలిపటం

చిన్న కంపెనీల్లో వర్చువలైజేషన్ ఏదో, అంటే ఒక పెద్ద మెషీన్‌ని చిన్న సర్వర్లుగా ఏ పద్ధతిలో పంచుతారో చూసుకోండి. ఓపెన్‌వీజెడ్ అయితే కనెక్షన్ల పరిమితి తగిలి చచ్చిపోతుంది. కేవీఎం అడగండి.

చిన్నిదీపం

కనెక్షన్ల పరిమితి అంటే ఎంత ఉండాలి అన్నా?

గాలిపటం

మిడిల్‌కి కనీసం 7,000 ఒకేసారి తెరిచి ఉండగలగాలి. 40 ఎంబీపీఎస్ లోపు అయితే 512 ఎంబీ ర్యామ్ చాలు, దాటితే 1 జీబీ.

పాతకాపు

లెక్కలమనిషి గారూ, 1 టీబీ కోటా ఉన్న కంపెనీ తీసుకోమని నేను ఎక్కడా అనలేదు. అన్‌మీటర్డ్ ఇచ్చే చిన్న కంపెనీలు ఉన్నాయి. వెతకాలి. వెతికే ఓపిక లేనివాళ్ళే పెద్ద కంపెనీలకి పోతారు.

లెక్కలమనిషి

అన్‌మీటర్డ్ అనే మాటకి అర్థం లేదు. ఒక గిగాబిట్ పోర్టుని నలభై మందికి పంచి, ఎవరూ పూర్తిగా వాడరనే నమ్మకం మీద ఆ మాట రాస్తారు. రిలే మాత్రం పగలూ రాత్రీ వాడుతుంది. మూడో నెలలో "మీ వాడకం ఇతర కస్టమర్లకి ఇబ్బందిగా ఉంది" అని మెయిల్ వస్తుంది. నాకు వచ్చింది.

పాతకాపు

అన్‌మీటర్డ్ అంటే లెక్క పెట్టరు అని. అన్‌లిమిటెడ్ వేరు, అన్‌మీటర్డ్ వేరు. 100 ఎంబీపీఎస్ అన్‌మీటర్డ్ అని రాస్తే ఆ 100 నీదే.

లెక్కలమనిషి

డెడికేటెడ్ అని రాస్తే నీది. షేర్డ్ అని రాస్తే కాదు. ఏదీ రాయకపోతే షేర్డే.

పాతకాపు

రాయకపోతే అడగాలి. నేను అడుగుతాను. నా నాలుగింటిలో మూడు అలాంటివే, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ట్రాఫిక్ గురించి మెయిల్ రాలేదు.

లెక్కలమనిషి

మీకు రాకపోవడం మిగతా ప్రపంచానికి రుజువు కాదు.

వంతెన

ఆ ఒక్క పదం మీద ఇంకెంతసేపు? అడిగిన మనిషి చిన్న బడ్జెట్ అన్నారు. బ్రిడ్జ్ ఎవరూ ఎందుకు చెప్పరు? బ్రిడ్జ్ అంటే పబ్లిక్ లిస్టులో లేని రిలే, టోర్‌ని బ్లాక్ చేసిన చోట ఉన్నవాళ్ళు దాని ద్వారా లోపలికి వస్తారు. ట్రాఫిక్ చాలా తక్కువ, చిన్న వీపీఎస్ చాలు. 2024 చివర్లో వెబ్‌టన్నెల్ (మామూలు వెబ్ ట్రాఫిక్‌లా కనిపించే) బ్రిడ్జ్‌లు 200 కావాలని టోర్ ప్రాజెక్ట్ అడగాల్సి వచ్చింది, రష్యాలో బ్లాకింగ్ అంత పెరిగింది. అది కూడా వద్దనుకుంటే స్నోఫ్లేక్ ఉంది, బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే చాలు, సర్వర్ అక్కర్లేదు.

నేను ఒకప్పుడు నెట్ సగం మూసేసిన చోట ఉన్నాను. ఇంట్లోవాళ్ళ గురించిన కబురు నాకు ఒక బ్రిడ్జ్ గుండానే అందేది. దాన్ని నడిపింది ఎవరో ఈ రోజుకీ తెలియదు. అది ఎన్ని ఎంబీపీఎస్‌దో కూడా తెలియదు.

చిన్నిదీపం

వంతెన గారూ, ఈ మాట నాకు చాలా తగిలింది. స్నోఫ్లేక్ ఇప్పుడే పెట్టాను. కానీ రిలే కూడా పెట్టాలనే ఉంది.

లెక్కలమనిషి

ఇంకో విషయం, చిన్న కోటా గురించి. చాలామంది కోటా నెలంతా సరిపెట్టడానికి వేగాన్ని బాగా తగ్గించి పెడతారు. టోర్ మాన్యువల్ చూడండి, దానికి బదులు అకౌంటింగ్‌మ్యాక్స్ వాడమని ఉంటుంది. పూర్తి వేగంతో నడిచి, కోటా అయిపోగానే నిద్రపోతుంది. ఎప్పుడూ ఉండే నెమ్మది సర్వర్ల కంటే, కొంతసేపే ఉన్నా వేగంగా ఉండే సర్వర్లే వాడేవాళ్ళకి ఉపయోగం అని అక్కడే రాసి ఉంది.

పాతకాపు

నిద్రపోయే రిలేకి స్టేబుల్ ఫ్లాగ్, అంటే నిలకడగా ఉంటుందని నెట్‌వర్క్ వేసే ముద్ర, ఎలా వస్తుంది? గార్డ్ ఫ్లాగ్ ఎలా వస్తుంది? కొత్త రిలే ఎదిగే తీరు తెలుసు కదా. మొదటి మూడు రోజులు దాదాపు ఎవరూ వాడరు, ఎనిమిదో రోజు దాకా బయటి నుంచి కొలుస్తారు, ఎనిమిది రోజులు దాటాకే గార్డ్ మాట, అప్పుడు కూడా మిడిల్‌గా ట్రాఫిక్ తగ్గి మెల్లగా గార్డ్‌గా పుంజుకోవడానికి ఇంకో రెండు నెలలు. నెలలో సగం నిద్రపోతే ఇదంతా ఎప్పటికి అవుతుంది?

లెక్కలమనిషి

మాన్యువల్ రాసినవాళ్ళకి ఇది తెలియదంటారా?

పాతకాపు

మాన్యువల్ రాసినవాళ్ళు నా రిలే నడపడం లేదు.

రాత్రిషిఫ్ట్

ఇటువైపు మాట కూడా వినండి. నేను ఒక చిన్న హోస్టింగ్ కంపెనీలో అబ్యూస్ టికెట్లు, అంటే మా సర్వర్ల మీద వచ్చే ఫిర్యాదులు చూస్తాను. చవక వీపీఎస్ మీద మాకు మిగిలేది చాలా తక్కువ. ఒక మనిషి ఒక టికెట్ చదివి, కస్టమర్‌కి రాసి, జవాబు చూసి మూసేసే సరికి ఆ నెల మిగులు పోతుంది. రెండో టికెట్ నుంచి నష్టమే. మీరు టోర్ అని కాదు, ఎవరైనా అంతే. పైగా ఒక ఐపీ బ్లాక్‌లిస్టులో పడితే కొన్ని లిస్టులు దాని చుట్టూ ఉన్న ఐపీలను కూడా కలిపి వేసేస్తాయి, అప్పుడు పక్క కస్టమర్ మెయిల్స్ ఆగిపోయి మా మీద పడతాడు. మిడిల్ రిలే వల్ల ఫిర్యాదులు మామూలుగా రావు, ఎందుకంటే అది వెబ్‌సైట్లతో నేరుగా మాట్లాడదు. ఫిర్యాదులన్నీ ఎగ్జిట్‌కే.

కాబట్టి కొనే ముందే మెయిల్ రాయండి. ఎగ్జిట్ కాదు మిడిల్ అని, నెలకి ఎంత ట్రాఫిక్ అనుకుంటున్నారో, ఏదైనా ఫిర్యాదు వస్తే ఒక రోజులో జవాబు ఇస్తానని. అలా ముందే చెప్పిన కస్టమర్ ఫైల్‌లో మేము ఒక నోట్ పెట్టుకుంటాం. రాత్రి రెండింటికి టికెట్ తెరిచినవాడు ఆ నోట్ చూస్తాడు.

లెక్కలమనిషి

> మిడిల్ రిలే వల్ల ఫిర్యాదులు మామూలుగా రావు

మామూలుగా. 2024 అక్టోబర్ చివర్లో ఏమైందో మీకు తెలిసే ఉంటుంది.

గాలిపటం

ఏమైంది?

లెక్కలమనిషి

ఎవరో రిలేల ఐపీ అడ్రస్‌లను దొంగ చిరునామాగా పెట్టి, ఊరంతా పోర్ట్ 22 (సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ద్వారం) మీదకి కనెక్షన్ అడిగే ప్యాకెట్లు పంపారు. అవతలి సర్వర్లు "ఈ ఐపీ మమ్మల్ని స్కాన్ చేస్తోంది" అని ఆటోమేటిక్‌గా హోస్టింగ్ కంపెనీలకి ఫిర్యాదులు పంపాయి. రిలేలు ఏమీ చేయలేదు. ఆ ప్యాకెట్లు వాటి నుంచి రానే లేదు. ఎగ్జిట్, మిడిల్ తేడా లేకుండా అందరికీ నోటీసులు. నవంబర్ 7న ఆ మూలం దొరికి ఆపారని టోర్ ప్రాజెక్ట్ చెప్పింది. నాది అప్పటికే పోయింది.

పాతకాపు గారు చెప్పినట్టే చిన్న కంపెనీ వెతికాను. రిలేలు లేని నెట్‌వర్క్ అని మురిసిపోయాను. తగ్గింపు ఉందని ఏడాది డబ్బు ముందే కట్టాను. మిడిల్ రిలే. నలభై ఒక్క రోజులకి సర్వర్ ఆపేశారు. నేను మూడు మెయిల్స్ రాశాను, ప్యాకెట్ల వివరాలు పెట్టాను, టోర్ ప్రాజెక్ట్ ప్రకటన పెట్టాను. జవాబు లేదు, డబ్బు వెనక్కి లేదు, డిస్క్‌లో ఉన్న కీలు (రిలే గుర్తింపు ఫైళ్ళు) కూడా తీసుకోనివ్వలేదు. ఆ రోజు నుంచి "చిన్న కంపెనీకి వెళ్ళు" అని కొత్తవాళ్ళకి ఎవరైనా చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాతకాపు

అంటే ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ నీ పోయిన డబ్బు కోసమా? నెట్‌వర్క్ మొత్తం ఒకే కంపెనీ గుప్పిట్లో పడినా సరే, నీకు రీఫండ్ రాలేదు కాబట్టి అందరూ పెద్ద కంపెనీకి పోవాలి? నాకూ జరిగింది. ఒక పెద్ద కంపెనీ షరతులు మార్చి ఒక్క పూటలో నా మూడు రిలేలు తీసేసింది. నేను ఏడుస్తూ కూర్చోలేదు, పంచి పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఏడాది డబ్బు ముందే కట్టడం నీ తప్పు. కీలు బ్యాకప్ పెట్టుకోకపోవడం నీ తప్పు. ఎంబీపీఎస్ లెక్కలు చెప్పేవాడికి ఒక ఫోల్డర్ కాపీ చేసుకోవడం రాలేదా?

మోడరేటర్

పాతకాపు గారూ, "నువ్వు" వద్దు. వాదన మీద మాట్లాడండి.

లెక్కలమనిషి

ఏకవచనం సంగతి వదిలేయండి. తప్పు నాదే, కాదనలేదు. కానీ మీరు ఆరేళ్ళ అనుభవంతో ఏడవకుండా ఉండగలిగారు. ఇక్కడ అడిగిన మనిషి మొదటిసారి పెడుతున్నారు, నెలకి ఒక్క సర్వర్ డబ్బుతో. వాళ్ళని తెలియని చోటికి ఒంటరిగా పంపి, ఏమైనా జరిగితే "నీ తప్పు" అంటారు, ఇప్పుడు నాతో అన్నట్టే. ఇది ట్రాఫిక్ మాట కాదు. 2014లో ఆస్ట్రియాలో ఒక కుర్రవాడు ఎగ్జిట్ నడిపినందుకు దోషిగా తేలాడు, జైలు తప్పింది కానీ ఆ ముద్ర ఉండిపోయింది. 2017లో రష్యాలో ఎగ్జిట్ నడిపిన ఒక గణితం టీచర్‌ని పట్టుకెళ్ళారు, ఏడాది దాటాక కేసు వదిలేశారు. ఇద్దరూ ఒంటరిగా నడిపినవాళ్ళే. 2018లో జర్మనీలో టోర్‌కి అండగా ఉండే జ్వీబెల్‌ఫ్రోయిండె సంస్థ బోర్డు సభ్యుల ఇళ్ళ మీద వేరే కేసులో సోదాలు జరిగాయి, వాళ్ళ వెనక సంస్థ ఉంది, లాయర్లు ఉన్నారు, ఆ సోదాలు చట్టవిరుద్ధమని కోర్టు చెప్పింది. తేడా అక్కడ ఉంది. అందుకే డబ్బు సంస్థకి ఇవ్వమన్నాను.

గాలిపటం

ఆయన అడిగింది మిడిల్ గురించి, మీరు చెప్పిన ఆ ఇద్దరివీ ఎగ్జిట్ కేసులు.

లెక్కలమనిషి

నా సర్వర్ కూడా మిడిలే.

పాతకాపు

సరే, మాట తూలాను, క్షమించండి. కానీ అసలు సంగతి ఇప్పుడు బయటికి వచ్చింది కాబట్టి దాని మీదే మాట్లాడతాను. మీరు అంటున్నది పెద్ద కంపెనీ గురించి కాదు, పెద్ద సంస్థ గురించి. మామూలు మనుషులు పక్కకి తప్పుకోవాలి, లాయర్లు ఉన్న నాలుగైదు సంస్థలు మొత్తం నడపాలి, మనం చందా ఇచ్చి ఊరుకోవాలి. అది నాకు భయం. ఎవరో కొందరి చేతిలో చాలా రిలేలు ఉన్నప్పుడు ఏమవుతుందో చూశాం. 2014లో సుమారు 115 రిలేలు ఒకే గుంపువని జూలైలో తేలింది, అప్పటికి అయిదు నెలలుగా అవి వాడేవాళ్ళ ఆనవాళ్ళు పట్టడానికి ప్రయత్నిస్తున్నాయి. 2020లో ఒకే చేతి కింద ఉన్న దొంగ ఎగ్జిట్‌లు ఒక దశలో ఎగ్జిట్ సామర్థ్యంలో 23 శాతం దాకా చేరాయి. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి నడిపే వేలమంది ఉంటే ఇలా ఎవరూ చేయలేరు.

లెక్కలమనిషి

మీ ఉదాహరణలే మీకు అడ్డం తిరుగుతాయి. 2021లో బయటపడిన కేఏఎక్స్17 గుంపు సంగతి చూడండి. వందల రిలేలు, 2017 నుంచీ. ఒకే కంపెనీలో పెట్టారా? లేదు, ఎన్నో హోస్టింగ్ కంపెనీల్లో పంచిపెట్టారు. అచ్చం మీరు చిన్నిదీపం గారికి చెప్పినట్టే. బయటి నుంచి చూస్తే వైవిధ్యం అద్భుతం. వాటిలో చాలావాటికి కాంటాక్ట్‌ఇన్ఫో (నడిపేవాళ్ళని కలిసే చిరునామా) లేదు, ఎవరివో తెలియదు. ఎక్కడ ఉంది అన్నది కాదు, ఎవరిది అన్నది ముఖ్యం. సంస్థ అయితే పేరు ఉంటుంది, మనుషులు ఉంటారు, ప్రశ్నించవచ్చు. ఒక్కొక్కరు నడిపే వేలమంది అంటున్నారు, వాళ్ళు వేలమందో ఒక్కడో మీకు ఎలా తెలుసు?

పాతకాపు

తెలియదు. అందుకే మనకి తెలిసిన మనుషులు పెరగాలి అంటున్నాను. చిన్నిదీపం లాంటివాళ్ళు. నేను పేరు లేని రిలే పెట్టమనలేదు, కాంటాక్ట్‌ఇన్ఫోలో నిజమైన మెయిల్ పెట్టి ఒక రిలే నడిపే మనిషిని తయారు చేయమంటున్నాను. చందా ఇచ్చేవాడు రేపు మానేస్తాడు. సర్వర్ నడిపేవాడు నేర్చుకుంటాడు, ఇంకొకడికి నేర్పుతాడు.

వంతెన

మీ ఇద్దరికీ గొడవ సర్వర్ ధర మీద కాదు. ఎవరిని నమ్మాలి అన్న దాని మీద. నాకు మాత్రం నన్ను ఆదుకున్నది సంస్థో ఒంటరి మనిషో తెలియదు. తెలియకపోవడం వల్లే క్షేమంగా ఉన్నానేమో అని కూడా అనిపిస్తుంది.

రాత్రిషిఫ్ట్

ఒక విషయం చెప్పాలి, నిన్నటి నుంచి తిరుగుతోంది మనసులో. ఆ 2024 వారంలో నా క్యూలో ఒకే రకం టికెట్లు వచ్చి పడ్డాయి. అన్నీ పోర్ట్ 22 స్కాన్ అనే. నేను లాగ్స్ చూడకుండా రెండు సర్వర్లు సస్పెండ్ చేశాను. ఒక కస్టమర్ వెంటనే ఫోన్ చేశాడు, అప్పుడు మా రౌటర్ వైపు ట్రాఫిక్ చూశాం, అక్కడి నుంచి ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. అతనిది తిరిగి ఇచ్చాం. రెండోవాళ్ళు మెయిల్ రాశారు, అది ఆ క్యూ అడుగున పడిపోయింది, నేను చూసే సరికి పదకొండు రోజులు. వాళ్ళు వెళ్ళిపోయారు. లెక్కలమనిషి గారూ, అది మీరు కాదు, మీరు చెప్పిన వివరాలు మా కంపెనీకి కుదరవు. కానీ మీకు జరిగింది ఎలా జరిగిందో నాకు తెలుసు. అటు పక్క నాలాంటి ఒక్కడే కూర్చుని ఉంటాడు.

లెక్కలమనిషి

ఆ రెండో మనిషికి తర్వాత ఏమైనా రాశారా?

రాత్రిషిఫ్ట్

రాశాను. డబ్బు కూడా వెనక్కి ఇప్పించాను. జవాబు రాలేదు.

లెక్కలమనిషి

నాకు ఆ మెయిల్ ఎవరైనా రాసి ఉంటే ఇంకో సర్వర్ తీసుకునేవాడిని. మీరు చెప్పినందుకు ధన్యవాదాలు.

పాతకాపు

రాత్రిషిఫ్ట్ గారు ఒకటి చెప్పకనే చెప్పారు. ఫోన్ నంబర్ ఉన్న కంపెనీ తీసుకోవాలి. నేను ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను కానీ ఎందుకో ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. కొనే ముందు ఒక చిన్న ప్రశ్న సపోర్ట్‌కి పంపుతాను, ఎంతసేపట్లో, ఎవరు, ఎలా జవాబిస్తారో చూస్తాను. ధర తర్వాత చూస్తాను.

చిన్నిదీపం

మొత్తం రెండుసార్లు చదివాను. నిన్న నాలుగు చిన్న కంపెనీలకి రాత్రిషిఫ్ట్ గారు చెప్పినట్టే మెయిల్ రాశాను: మిడిల్ రిలే, ఎగ్జిట్ కాదు, ఇంత ట్రాఫిక్, ఫిర్యాదు వస్తే ఒక రోజులో జవాబు. ఒకటి వద్దంది. ఒకటి "షరతులు చదువుకోండి" అని లింక్ పంపింది. ఒకటి ఇంకా పలకలేదు. నాలుగోవాళ్ళు పేరు పెట్టి సంతకం చేసి రాశారు: మిడిల్ అయితే అభ్యంతరం లేదు, ఎగ్జిట్‌గా మారిస్తే ముందు చెప్పాలి, కోటా 6 టీబీ, రావడం పోవడం రెండూ కలిపి లెక్క. కేవీఎం, 1 జీబీ ర్యామ్. ఫోన్ నంబర్ ఉంది. వాళ్ళ నెట్‌వర్క్‌లో ఇప్పుడు రెండే రిలేలు ఉన్నాయి.

నెల నెలా కట్టే ప్లాన్ తీసుకున్నాను. కీలు ఉన్న ఫోల్డర్ మొదటి రోజే నా దగ్గరికి కాపీ చేసుకున్నాను, రేపు వీళ్ళు పొమ్మన్నా అదే గుర్తింపుతో ఇంకో చోట మొదలుపెట్టవచ్చు కదా. కాంటాక్ట్‌ఇన్ఫోలో దీని కోసమే పెట్టిన మెయిల్ రాశాను. లెక్కలమనిషి గారూ, మీరు చెప్పిన దాంట్లో ఒంటరిగా ఉండటం గురించిన మాట నన్ను భయపెట్టింది, అబద్ధం చెప్పను. అందుకే ఎగ్జిట్ ఆలోచన పూర్తిగా మానేశాను. ఎగ్జిట్‌కి ఏమైనా చేయాలనిపిస్తే సంస్థకే ఇస్తాను.

ఒక్క సందేహం. 6 టీబీ అంటే ఒక వైపు 3. నిలకడగా నడిపితే 9 ఎంబీపీఎస్ దగ్గర వస్తోంది. వేగం అక్కడే కట్టేసి నెలంతా నడపాలా, లేక 30 దాకా వదిలి అకౌంటింగ్‌మ్యాక్స్ పెట్టాలా?

పాతకాపు

కట్టేసి నెలంతా నడపండి. 9కి 10కి తేడా ఎవరూ చూడరు.

లెక్కలమనిషి

30కి వదలండి, మాన్యువల్ అదే చెప్తుంది. కోటాలో కొంచెం మిగుల్చుకోండి, సిస్టమ్ అప్‌డేట్లకి కూడా ట్రాఫిక్ పోతుంది.

గాలిపటం

మళ్ళీ మొదలు.

చిన్నిదీపం

సెకనుకి 1,100 కిలోబైట్ల దగ్గర కట్టేశాను, అలా అయితే నెలకి 5.7 టీబీ అవుతుంది. తక్కువైనా రోజూ ఉండాలని అనిపించింది. మొదలై 5 గంటలైంది, ఇంకా ఎవరూ పెద్దగా రాలేదు, మూడు రోజులు ఇలాగే ఉంటుందన్నారుగా. లాగ్‌లో అవతలి నుంచి పోర్ట్ అందుతోందన్న వరుస మాత్రం కనిపించింది. వంతెన గారూ, స్నోఫ్లేక్ గుండా ఈ రాత్రి ఇద్దరు వెళ్ళారని బ్రౌజర్ చూపిస్తోంది.

వంతెన

బ్రౌజర్ మూయకండి.